అర్ధాయువు అంటే సగం ఆయుష్షు కాదు

మన భాషలో ‘అర్ధాయుష్షు’ అనే మాట ఉంది. నిండు నూరేళ్లు బతకాల్సిన మనిషి మధ్యలోనే పోతే ‘అర్ధాయుష్షుతో పోయాడు’ అని బాధపడతారు. రేడియోధార్మికత పాఠంలో హాఫ్ లైఫ్‌ని ‘అర్ధాయువు’ అని తెలుగు చేసేసరికి ఈ పాత మాట వాసన దానికీ అంటుకుంది. అర్ధాయువు 8 రోజులంటే పూర్తి ఆయువు 16 రోజులేగా అనిపిస్తుంది. సైన్సు చదువుకున్నవాళ్లు కూడా తొందరలో ఇలాగే అనేస్తుంటారు.

అయోడిన్-131 అనే రేడియోధార్మిక రకం అయోడిన్‌కి అర్ధాయువు 8 రోజులు. 8 రోజులకు సగం మిగులుతుంది. 16 రోజులకు సున్నా కాదు, పావు మిగులుతుంది. 24 రోజులకు అరపావు, 32 రోజులకు వీసం, 40 రోజులకు అరవీసం. పాత తెలుగు లెక్కల్లో సగాన్ని మళ్లీ సగం చేసుకుంటూ పోయిన వరుస ఉందే, అచ్చంగా అదే ఇది. ప్రతి 8 రోజులకూ పోయేది ‘మొదట ఉన్నదాంట్లో సగం’ కాదు, ‘అప్పటికి మిగిలినదాంట్లో సగం’. ఈ ఒక్క తేడా పట్టుబడితే లెక్కలో ముప్పాతిక వంతు వచ్చేసినట్టే.

కేంద్రకానికి వయసు లేదు

అసలు ఇలా ఎందుకు జరగాలి? మనకు తెలిసిన ఆయుష్షులన్నీ వయసుతో ముడిపడినవి. బల్బు కానీ, ఇంజిన్ కానీ, మనిషి కానీ పాతబడేకొద్దీ ఆగిపోయే అవకాశం పెరుగుతుంది. పరమాణు కేంద్రకం అలా కాదు. ఇవాళ పొద్దున రియాక్టర్‌లో పుట్టిన అయోడిన్-131 కేంద్రకాన్నీ, నెల రోజుల కిందట పుట్టి ఇంకా మిగిలి ఉన్న మరో అయోడిన్-131 కేంద్రకాన్నీ పక్కపక్కన పెడితే, ఏది పాతదో ఏ పరికరమూ చెప్పలేదు. రాబోయే 8 రోజుల్లో విఘటనం చెందే, అంటే కిరణం వదిలి వేరే రూపంలోకి మారిపోయే అవకాశం రెండింటికీ సరిగ్గా సగం. అరిగిపోవడం, అలసిపోవడం వాటికి లేవు. గడిచిన కాలాన్ని అవి లెక్కపెట్టుకోవు.

దీన్ని నాణేలతో చేసి చూడొచ్చు. 64 నాణేలు ఒకేసారి విసిరి, బొమ్మ పడ్డవాటిని పక్కకు తీసేయాలి. మిగిలినవాటిని మళ్లీ విసరాలి. ఒక్కో విసురు ఒక్కో అర్ధాయువు అనుకోండి. పుస్తకం ప్రకారం 64, 32, 16, 8, 4, 2, 1 అని రావాలి. నేను విసిరినప్పుడు 64, 35, 16, 9, 5, 1, 1, 0 అని వచ్చింది. చివర్లో ఒక నాణెం వరసగా ఆరుసార్లు బొరుసే పడి మొండికేసింది. ఇన్నిసార్లు బొరుసు పడింది కాబట్టి ఈసారి బొమ్మ ఖాయం అని మనకు అనిపిస్తుంది కానీ, నాణేనికి ఆ సంగతి తెలియదు. ఏడోసారి కూడా దానికి ఉన్నది సగం అవకాశమే.

64 నాణేలతో లెక్క అటూ ఇటూ ఊగింది. కంటికి కనపడని ఒక మైక్రోగ్రాము అయోడిన్-131లో సుమారు 46 లక్షల కోట్ల వందలు, అంటే 46 పక్కన 14 సున్నాలు పెట్టినన్ని పరమాణువులుంటాయి. అన్ని నాణేలు ఒకేసారి విసిరితే ఊగిసలాట కనిపించనే కనిపించదు. సగం అంటే సగమే పడుతుంది. ఏ కేంద్రకం ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. మొత్తం మీద ఎన్ని పోతాయో మాత్రం గీత గీసినట్టు చెప్పొచ్చు. రెండూ ఒకదానికొకటి అడ్డొచ్చే మాటల్లా ఉన్నాయి కానీ, రెండో మాట నిలబడింది మొదటి దాని మీదే.

కేంద్రకానికి గతం గుర్తుండదు కాబట్టే మన గడియారాన్ని ఎక్కడి నుంచైనా మొదలుపెట్టొచ్చు. ఆ పదార్థం ఎప్పుడు తయారైందన్న గొడవ అక్కర్లేదు. ఇప్పుడు ఎంత ఉందో కొలిచి, ఇప్పుడే సున్నా సమయం అనుకుంటే సరిపోతుంది.

ఈ సగాల వరుసను మొదట గమనించింది ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్. 1900లో మాంట్రియల్‌లో పనిచేస్తూ, థోరియం నుంచి వెలువడే ఒక వాయువు తీవ్రత దాదాపు నిమిషానికోసారి సగమవుతోందని చూశాడు. ఆ వాయువు రేడాన్-220. ఇవాళ్టి కొలత ప్రకారం దాని అర్ధాయువు 55.6 సెకన్లు. గడియారం ముందు పెట్టుకుని కూర్చుంటే కళ్లముందే సగమయ్యే పదార్థం దొరకడం ఒక రకంగా ఆయన అదృష్టం. యురేనియంతోనే సరిపెట్టుకుని ఉంటే జీవితకాలమంతా చూసినా తేడా తెలిసేది కాదు.

లెక్క వేయడం

సూత్రాన్ని మాటల్లో రాస్తే ఇంతే:

మిగిలింది = మొదట ఉన్నది × (1/2)^(గడిచిన కాలం ÷ అర్ధాయువు)

ఆ చివరి భాగం ‘ఎన్ని అర్ధాయువులు గడిచాయి’ అన్న ప్రశ్నకు జవాబు. మూడు గడిస్తే సగాన్ని మూడుసార్లు గుణించాలి. ఒకటింపావు గడిస్తే ఒకటింపావు ఘాతం వేయాలి. ఫోన్ కాలిక్యులేటర్‌ని సైంటిఫిక్ మోడ్‌లో పెట్టి, 0.5 కొట్టి, ఘాతం మీట నొక్కి, ఆ సంఖ్య కొడితే చాలు. కాలానికీ అర్ధాయువుకీ ఒకే కొలమానం ఉండాలి. ఒకటి గంటల్లో, ఇంకోటి రోజుల్లో పెట్టి భాగించేయడం పరీక్షల్లో మార్కులు పోగొట్టే మొదటి తప్పు.

ఆసుపత్రుల్లో స్కానింగ్‌కి ఎక్కువగా వాడే టెక్నీషియం-99ఎం తీసుకుందాం. దీని అర్ధాయువు 6 గంటలు. పొద్దున 7 గంటలకు సీసాలో 1000 మెగాబెక్వెరల్ ఉంది. బెక్వెరల్ అంటే సెకనుకు ఒక విఘటనం. మెగా అంటే పది లక్షలు. పదకొండున్నరకు ఎంత ఉంటుంది? గడిచింది నాలుగున్నర గంటలు. 4.5ని 6తో భాగిస్తే 0.75. సగానికి 0.75 ఘాతం వేస్తే 0.595. అంటే 595 మెగాబెక్వెరల్.

ఇక్కడ చాలామంది ఇంకో లెక్క వేస్తారు. 6 గంటల్లో సగం, అంటే 500 పోతుంది కాబట్టి నాలుగున్నర గంటల్లో 375 పోతుంది, 625 మిగులుతుంది అని. చూడ్డానికి సబబుగానే ఉంటుంది కానీ తప్పు. విఘటనం గీటుగీసినట్టు సమానంగా సాగదు. మొదట్లో ఎక్కువ ఉంటుంది కాబట్టి ఎక్కువ పోతుంది, తర్వాత్తర్వాత నెమ్మదిస్తుంది. అర్ధాయువులో సగం గడిచేసరికి మిగిలేది 75 శాతం కాదు, 70.7 శాతం. పావు గడిచేసరికి 84 శాతం. ఈ రెండు అంకెలూ గుర్తుంటే కాలిక్యులేటర్ లేకపోయినా గట్టెక్కొచ్చు. ముప్పావు అంటే సగం, పావు కలిపితే వచ్చేదే కదా, 0.707ని 0.841తో గుణిస్తే మళ్లీ అదే 0.595. కాలాలను కూడితే, మిగిలిన వంతులను గుణించాలన్నమాట.

ఆసుపత్రిలో అసలు అవసరం తిరగేసిన లెక్క. మధ్యాహ్నం ఒంటిగంటకు రోగికి 600 మెగాబెక్వెరల్ ఇవ్వాలి, పొద్దున ఏడింటికి ఎంత సిద్ధం చేసుకోవాలి? మధ్యలో సరిగ్గా ఒక అర్ధాయువు ఉంది కాబట్టి 1200. రోగి పదకొండున్నరకే వస్తానంటే 600ని 0.595తో భాగించాలి, సుమారు 1009 చాలు. రోగి ట్రాఫిక్‌లో చిక్కుకుని గంట ఆలస్యమైతే ఆ గది మొత్తానికి టెన్షన్ ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. గంటకు 11 శాతం ఊరికే కరిగిపోతుంది.

పెద్ద కాలాలకూ సూత్రం అదే. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ ప్రమాదంలో బయటపడ్డ వాటిలో అయోడిన్-131, సీజియం-137 ముఖ్యమైనవి. అయోడిన్‌కి 80 రోజులంటే పది అర్ధాయువులు. పది సార్లు సగం చేస్తే 1024లో ఒక వంతు. అంటే ఆ జులై మధ్యకల్లా అయోడిన్ వెయ్యో వంతుకు పడిపోయింది. ఏడాది తిరిగేసరికి దాదాపు 50 లక్షల కోట్లలో ఒక వంతు. సీజియం-137 సంగతి వేరు. దాని అర్ధాయువు సుమారు 30 ఏళ్లు. ప్రమాదానికి 40 ఏళ్లు నిండిన 2026లో గడిచింది ఒకటింబావు అర్ధాయువు పైచిలుకు మాత్రమే. విఘటనం ఒక్కటే లెక్కిస్తే ఇంకా 40 శాతం ఉంది. నూటికి ఒక వంతుకు దిగాలంటే 6.64 అర్ధాయువులు కావాలి. అంటే రమారమి 200 ఏళ్లు, 2186 దాకా. ఒకే ప్రమాదం, ఒకే గాలి. ఒకటి ఆ వేసవి సమస్య, ఇంకొకటి మునిమనవళ్ల సమస్య.

మిగిలిన దాన్ని బట్టి కాలం

సూత్రాన్ని ఇంకో వైపు నుంచి పట్టుకుంటే అది గడియారమవుతుంది. ఎంత మిగిలిందో తెలిస్తే ఎంత కాలం గడిచిందో చెప్పొచ్చు. దీనికి లాగరిథమ్ కావాలి. లాగరిథమ్ అనగానే భయపడక్కర్లేదు. ‘పదిని ఎన్నిసార్లు గుణిస్తే ఇంత వస్తుంది’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పే మీట అది. ఆ జవాబును 2కి వచ్చే జవాబుతో భాగిస్తే, రెండుని ఎన్నిసార్లు గుణించాలో వస్తుంది.

కార్బన్-14 అర్ధాయువు 5730 ఏళ్లు. బతికున్న చెట్టు నుంచి తీసిన ఒక గ్రాము కార్బన్‌లో నిమిషానికి సుమారు 14 విఘటనాలు జరుగుతాయి. చెట్టు చచ్చిపోయాక గాలి నుంచి కొత్త కార్బన్ రాదు, ఉన్నది తరుగుతూ పోతుంది. తవ్వకంలో దొరికిన ఒక కర్రముక్కలో గ్రాముకి నిమిషానికి 5 విఘటనాలే కనిపించాయనుకుందాం. 14ని 5తో భాగిస్తే 2.8. 2.8కి లాగ్ 0.447, 2కి లాగ్ 0.301. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.485 అర్ధాయువులు. దాన్ని 5730తో గుణిస్తే సుమారు 8,500 ఏళ్లు.

ఈ పద్ధతి కనిపెట్టిన విల్లర్డ్ లిబ్బీకి 1960లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. అప్పట్లో వాడిన అర్ధాయువు 5568 ఏళ్లు. తర్వాత 5730 సరైనదని తేలింది. అయినా ల్యాబ్‌లు ‘రేడియోకార్బన్ వయసు’ అని ప్రకటించేటప్పుడు ఇప్పటికీ పాత 5568నే వాడతాయి. వినగానే విడ్డూరంగా ఉంటుంది కానీ కారణం ఉంది. గాలిలో కార్బన్-14 పాలు అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదు కాబట్టి, వచ్చిన అంకెను చెట్ల వలయాల వంటి వాటితో ఎలాగూ సరిదిద్దాలి. అంకె మార్చి పాత ఫలితాలన్నింటినీ గందరగోళం చేయడం కంటే, అందరూ ఒకే అంకెతో మొదలుపెట్టి చివర్లో సరిదిద్దుకోవడం మేలని ఆ పని చేశారు. 50 వేల ఏళ్లు దాటితే ఈ గడియారం దాదాపు చేతులెత్తేస్తుంది. అప్పటికి మిగిలేది మొదటిదాంట్లో పావు శాతం కూడా ఉండదు.

447 కోట్ల ఏళ్లు ఎవరు చూశారు?

యురేనియం-238 అర్ధాయువు 447 కోట్ల ఏళ్లు అని చదివినప్పుడు ఎవరికైనా వచ్చే ప్రశ్న ఇది. అది సగమయ్యేదాకా ఎవరు కూర్చుని చూశారు? అడగాల్సిన ప్రశ్నే. జవాబు నాకు ఈ విషయం మొత్తంలో బాగా నచ్చే భాగం.

సగమయ్యేదాకా ఆగక్కర్లేదు. ఒక గ్రాము యురేనియం-238లో ఎన్ని పరమాణువులున్నాయో బరువును బట్టి చెప్పొచ్చు: 253 పక్కన 19 సున్నాలు. అందులో సెకనుకు ఎన్ని పోతున్నాయో పరికరంతో లెక్కపెడితే సుమారు 12,400. మొదటిదానితో రెండోదాన్ని భాగిస్తే, ఒక్కో కేంద్రకం ఒక సెకనులో పోయే అవకాశం ఎంతో వస్తుంది. దీన్ని విఘటన స్థిరాంకం అంటారు. 0.693ని ఆ స్థిరాంకంతో భాగిస్తే అర్ధాయువు సెకన్లలో వస్తుంది. ఏళ్లలోకి మారిస్తే 447 కోట్లు. 0.693 ఎక్కడిదంటే, అది 2 యొక్క సహజ లాగరిథమ్. అంటే కోట్ల ఏళ్ల కొలతకు ఒక మధ్యాహ్నం చాలు. చాలా పరమాణువులు ఉండటమే ఇక్కడ కాలానికి బదులు పనిచేస్తోంది.

ఇదే దారిలో 2003లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు బిస్మత్-209ని పట్టుకున్నారు. అప్పటిదాకా అందరూ స్థిరమైనదనుకున్న ఈ మూలకానికి అర్ధాయువు 2 పక్కన 19 సున్నాలు పెట్టినన్ని ఏళ్లని తేలింది. విశ్వం వయసుకు వంద కోట్ల రెట్లకు పైన.

ఈ భాగహారంలోనే ఇంకో అపోహకు కూడా జవాబుంది. అర్ధాయువు ఎక్కువైతే ప్రమాదం ఎక్కువని చాలామంది అనుకుంటారు. గ్రాముకి గ్రాము పోల్చి చూడండి. యురేనియం-238లో సెకనుకు 12,400 విఘటనాలు. 1600 ఏళ్ల అర్ధాయువున్న రేడియం-226లో సుమారు 3,660 కోట్లు. 8 రోజుల అయోడిన్-131లో 46 కోట్ల కోట్లు. త్వరగా సగమయ్యేది ఆ తక్కువ కాలంలోనే తన కిరణాలన్నీ కక్కేస్తుంది కాబట్టి తీవ్రంగా ఉంటుంది. నిదానంగా సగమయ్యేది చాలాకాలం ఉంటుంది కానీ ఏ క్షణంలో చూసినా మందకొడిగానే ఉంటుంది. అన్నిటికంటే చిక్కు మధ్యరకంతో: సీజియంలా 30 ఏళ్లది మనిషి జీవితకాలానికి సరిపడా ఉంటుంది, తీవ్రతా తక్కువేం కాదు. వెలువడే కిరణం ఏ రకం, ఒంట్లోకి వెళ్లిందా లేదా అన్నవి కూడా చూడాలి. అర్ధాయువు ఒక్కటే చూసి ప్రమాదాన్ని తేల్చకూడదు.

లెక్క సరైనదే, లోకం వేరేది

సగమైపోయిందంటే మాయమైపోయిందని కాదు. కిలో యురేనియం 447 కోట్ల ఏళ్లకు అరకిలో బరువుకు తగ్గదు. పోయిన సగం మధ్యలో చాలా రూపాలు మారి చివరికి సీసంగా అక్కడే ఉంటుంది. ఆ మధ్య రూపాల్లో రేడియం, రేడాన్ కూడా ఉన్నాయి, వాటి అర్ధాయువులు వాటివి. కొన్నిచోట్ల ఈ గొలుసే ఉపయోగం. టెక్నీషియం-99ఎం 6 గంటల్లో సగమవుతుంది కాబట్టి దూరాల నుంచి తెప్పించి నిల్వ చేయడం కుదరదు. అందుకని 66 గంటల అర్ధాయువున్న మాలిబ్డినం-99ని ఒక పెట్టెలో తెచ్చిపెడతారు. అది విఘటనం చెందుతూ టెక్నీషియాన్ని ఇస్తూనే ఉంటుంది, దాన్ని పొద్దున్నే ఉప్పునీటితో కడిగి తీసుకుంటారు. ఆ రంగంలోవాళ్లు ఆ పెట్టెను ఆవు అంటారు, తీసుకోవడాన్ని పాలు పితకడం అంటారు.

ఒంట్లోకి వెళ్లిన పదార్థానికి రెండు దారులు. ఒకటి తనంతట తాను విఘటనం చెందడం, రెండోది శరీరం బయటకు పంపేయడం. తొట్టికి రెండు తూములున్నట్టు. భౌతిక అర్ధాయువు 6 గంటలు, శరీరం సగం వదిలించుకోవడానికి పట్టేది 24 గంటలు అనుకుంటే, రెంటినీ గుణించి (144), వాటి కూడికతో (30) భాగిస్తే 4.8 గంటలు. అసలు అర్ధాయువు అదీ. ఎప్పుడూ రెంటిలో చిన్నదానికంటే తక్కువే వస్తుంది. అలా రాకపోతే ఎక్కడో తప్పు వేసినట్టు.

వాయేజర్ అంతరిక్ష నౌకలది ఇంకో కథ. 1977లో బయల్దేరినప్పుడు ఒక్కో నౌకలో సుమారు 470 వాట్ల విద్యుత్తు ఉంది. అది ప్లుటోనియం-238 వేడి నుంచి వస్తుంది, అర్ధాయువు 87.7 ఏళ్లు. 50 ఏళ్లకు మన సూత్రం ప్రకారం సుమారు 317 వాట్లు ఉండాలి. నిజంగా చేతికొచ్చేది దానికంటే బాగా తక్కువ. ప్లుటోనియం మాట తప్పలేదు. వేడిని విద్యుత్తుగా మార్చే థర్మోకపుల్స్ పాతబడ్డాయి. వాటికి వయసుంది, కేంద్రకాలకు లేదు.

వెనక్కి నడిపితే

1972లో ఫ్రాన్స్‌లోని ఒక యురేనియం కర్మాగారంలో చిన్న తేడా బయటపడింది. ప్రకృతిలో దొరికే యురేనియంలో యురేనియం-235 పాలు 0.720 శాతం ఉంటుంది, ఎక్కడ తవ్వినా అంతే. ఆఫ్రికాలోని గాబన్ దేశంలో ఓక్లో గని నుంచి వచ్చిన నమూనాలో 0.717 వచ్చింది. ఆ కాస్త ఏమైనట్టు? ఆరా తీస్తే, దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట ఆ గనిలో దానంతటదే అణు రియాక్టర్ నడిచిందని తేలింది. తక్కువపడ్డ యురేనియం-235 అందులో ఖర్చయిపోయింది.

అది సాధ్యమేనా అని మనమే లెక్క వేసి చూడొచ్చు. వెనక్కి వెళ్తున్నాం కాబట్టి సగం చేసే బదులు రెట్టింపు చేసుకుంటూ పోవాలి. యురేనియం-235 అర్ధాయువు 70.4 కోట్ల ఏళ్లు. 200 కోట్ల ఏళ్లంటే 2.84 అర్ధాయువులు, అప్పుడు అది ఇప్పటికంటే 7.16 రెట్లు ఉండేది. యురేనియం-238కి అదే కాలం 0.45 అర్ధాయువు మాత్రమే, అది 1.36 రెట్లు ఉండేది. ఇప్పటి 0.72ని 7.16తో గుణిస్తే 5.16. ఇప్పటి 99.27ని 1.36తో గుణిస్తే 135. మొత్తంలో యురేనియం-235 వాటా 3.7 శాతం. ఇవాళ అణు విద్యుత్ కేంద్రాల్లో మామూలు నీటితో నడిచే రియాక్టర్లకు శుద్ధిచేసి ఇచ్చే ఇంధనంలో ఉండేది 3 నుంచి 5 శాతం. అప్పట్లో ఆ రాయి తవ్వకుండానే, శుద్ధి చేయకుండానే ఇంధనం. భూమిలో ఊరిన నీరు తగిలితే చాలు, రాజుకునేది. ఇప్పుడు అదే గనిలో అదే నీరు ఎంత పోసినా రాజుకోదు.